ఖాళీకి కాపలా

అప్పుడే తెల్లవారింది. పచ్చిక మంచుకి తడిసి ముద్దయింది. బూట్లలోంచి చల్లదనం కాలివేళ్ళకి పాకుతోంది. ఆగస్టు చివరి వారం. తూర్పు టెనెసీలో, అపలాచియన్ కొండల నడుమ ఒక ఆవుల బీడు. కొండలు ఎక్కడున్నాయో తెలియడం లేదు, లోయ నిండా పాలు పోసినట్టు పొగమంచు. పదడుగుల అవతల ముళ్ళకంచె, దాని వెనక అంతా తెలుపే. తల ఎత్తి చెవి ఒగ్గితే పైనుంచి సన్నగా చిటపట వినిపిస్తుంది, ఎక్కడో చింతపుల్లలు మండుతున్నట్టు. అది తీగల చప్పుడు. 161 కిలోవోల్టుల లైను మీ నెత్తిమీద ఉంది. ఈ మంచులో దాని గొంతే గాని మొహం లేదు.

కనబడేదల్లా మీ ముందు గడ్డిలో పొడుగ్గా పడుకోబెట్టిన రంపం.

దగ్గరికి వెళ్ళండి. పది గుండ్రటి బ్లేడ్లు, ఒక్కోటీ రెండడుగుల అడ్డం, పెళ్ళివంటల గంగాళం మీది మూతంత. పదీ ఒకే ఇనుప చట్రానికి వరసగా బిగించి ఉన్నాయి. చట్రం నెత్తిన చిన్న ఇంజను, దాన్నుంచి బ్లేడ్లకి బెల్టులు. ఆపైన ఒకదానికొకటి తగిలించిన అల్యూమినియం గొట్టాలు. బ్లేడ్ల కొసనుంచి గొట్టాల చివరి కొక్కెం దాకా నడిచి చూడండి: నలభై అంగలు పడతాయి, అంటే సుమారు 100 అడుగులు. ఆ కొక్కెం హెలికాప్టర్ పొట్టకి తగులుతుంది. మనవైపు మామిడితోటలో పెరిగినవాళ్ళకి ఈ సామాను ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇది దోటి. పొడుగాటి గడ, చివర కొడవలి. కాకపోతే దీన్ని పట్టుకునేవాడు నేలమీద నిలబడడు, మబ్బు కింద వేలాడతాడు.

మెకానిక్ మోకాళ్ళమీద కూర్చుని ఒక్కొక్క బ్లేడునీ చేత్తో తిప్పుతున్నాడు. బొటనవేలితో ఒక్కొక్క పన్నూ తడుముతున్నాడు, తల్లి బిడ్డ చిగుళ్ళు తడిమినట్టు. నిన్నటి చెట్ల రసం పళ్ళ సందుల్లో నల్లటి జిగురై ఎండిపోయింది. చిన్న ఉలితో గీకి తీస్తుంటే పుల్లటి వాసన వస్తుంది, ఓక్ చెట్టు పచ్చి వాసన. ఏడో బ్లేడు దగ్గర అతని వేలు ఆగింది. ఒక పన్ను విరిగింది. ఏమీ మాట్లాడకుండా లేచి, ట్రక్కులోంచి కొత్త బ్లేడు తెచ్చి మార్చాడు. పది బ్లేడ్లు అంత వేగంతో తిరిగేటప్పుడు ఒక్క పన్ను లోపమున్నా ఆ అదురు గొట్టాల వెంట ఎక్కి పైలట్ కూర్చున్న కుర్చీ దాకా పోతుంది.

ఎనిమిదిన్నరకి మంచు లేచింది. ముందు టవరు తల కనబడింది, తరవాత భుజాలు, తరవాత మూడు తీగలు. ఆ తీగల దారి కొండమీదికి ఎక్కి, అవతలి లోయలోకి దిగి, మళ్ళీ ఇంకో కొండ ఎక్కుతోంది. సుమారు 100 అడుగుల వెడల్పున అడవిని నిలువునా చీల్చి వేసిన బాట అది. దానికి అటూ ఇటూ ఓక్, హికరీ, తులిప్ పోప్లార్ చెట్లు గోడలు కట్టినట్టు నిలబడ్డాయి. ఆ గోడలు నిటారుగా లేవు. వెలుతురు ఎక్కడుంటే చెట్టు కొమ్మని అక్కడికి చాస్తుంది. ఈ అడవి మొత్తంలో మధ్యాహ్నపు ఎండ నేలదాకా దిగేది లైను బాటలోనే. అందుకని రెండు వైపుల చెట్లూ తీగలకేసి చేతులు చాచాయి.

కొన్ని మైళ్ళ దూరంలో క్లించ్ నది మీద నోరిస్ డ్యామ్ ఉంది. టెనెసీ వ్యాలీ అథారిటీ 1933లో పుట్టి, మొట్టమొదట కట్టిన ఆనకట్ట అదే, 1936లో పూర్తయింది. 1948లో మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌ని ఆ నమూనాలోనే పెట్టుకున్నాం. ఈ కొండల్లో గుడ్డి దీపాల కింద బతికిన ఇళ్ళకి కరెంటు వచ్చింది నోరిస్ కట్టిన రోజుల్లోనే. ఆనకట్ట ఒకసారి కడితే నిలబడుతుంది. దాన్నుంచి ఊరికి వెళ్ళే బాటని మాత్రం ఏటేటా మళ్ళీ గెలుచుకోవాలి.

నేల బృందానికి మేస్త్రీ యాభై దాటిన మనిషి. మెడమీద ఎండకి కాలిన గీతలు. మీ చేతికి హెల్మెట్, చెవులకి మఫ్‌లు ఇస్తాడు. "మీరు నా పక్కనే ఉండాలి. నేను నడిస్తే నడవండి, ఆగితే ఆగండి. ఆ పసుపు రిబ్బను దాటి ఒక్క అడుగు వేసినా నేను రేడియోలో పని ఆపించేస్తాను," అంటాడు. గొంతులో కోపం లేదు, లెక్క చెబుతున్నట్టు ఉంది. తరవాత వేలు పైకి చూపించి అడుగుతాడు: "ఆ తీగకి తొడుగు ఏది?"

తొడుగు లేదు. మన ఇంటి వైరుకి ప్లాస్టిక్ ఉంటుంది. ఆ తీగ మాత్రం వట్టి లోహం, నడుమ ఉక్కు పోగులు, చుట్టూ అల్యూమినియం పోగులు. దాని తొడుగు గాలి. టవరు దగ్గర పింగాణీ పళ్ళేలు కాపాడతాయి, రెండు టవర్ల మధ్య కాపాడేది చుట్టూ ఉన్న ఖాళీ ఒక్కటే. ఆ ఖాళీలోకి కొమ్మ వస్తే తాకనక్కర్లేదు. తగినంత దగ్గరికి వస్తే చాలు, కరెంటు గాలిని చీల్చుకుని కొమ్మమీదికి దూకుతుంది, చెట్టులోంచి భూమిలోకి పారుతుంది. ఆ క్షణంలోనే రక్షణ రిలేలు లైనుని తెంచేస్తాయి. ఒక పచ్చికొమ్మ ఒక పట్టణపు కరెంటుని ఆపేయగలదు.

అదుగో, దక్షిణం కొండ వెనకనుంచి చప్పుడు. ముందు ఈగ ముసిరినట్టు, తరవాత డొక్కల్లో దడ. గుడ్డు ఆకారంలో, పొట్టిగా, నల్లటి గాజుకళ్ళతో ఒక హెలికాప్టర్ చెట్లమీదుగా వచ్చి బీడు మీద నిలబడింది. ఎమ్‌డి 500. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం చెట్లమీదుగా తిప్పిన చిన్న స్కౌటు హెలికాప్టర్ ఉంది చూడండి, ఆ వంశానిదే ఇది. రెక్కల చుట్టుకొలత చిన్నది, ఒళ్ళు తేలిక, చెప్పిన మాట వెంటనే వింటుంది. పైలట్ ఎడమవైపు కూర్చున్నాడు. అతను ముందుకి చూడడం లేదు. తలా భుజమూ బయటికి వంచి, నిట్టనిలువునా కిందికి చూస్తున్నాడు, బావిలో పడిన చెంబు వెతికేవాడిలా. రోజంతా అతను అలాగే చూస్తాడు.

కొక్కెం తగిలింది. హెలికాప్టర్ నెమ్మదిగా పైకి లేస్తుంటే గడ్డిలో పడుకున్న గొట్టాలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. చివరికి బ్లేడ్ల చట్రం నేలని వదిలింది, నిటారుగా, వడ్రంగి తూకంగుండులా. ఇంజను అందుకుంది. పది బ్లేడ్లూ పది వెండి బిళ్ళలైపోయాయి. చెవులకి మఫ్‌లు ఉన్నా ఆ కూత పళ్ళలో తెలుస్తుంది, చిన్నప్పుడు సామిల్లు ముందునుంచి బడికి నడిచినవాళ్ళకి గుర్తొచ్చే కూత.

రేడియోలో: "కింద ఖాళీయేనా?"

మేస్త్రీ ఎడమకి చూశాడు, కుడికి చూశాడు, రోడ్డు దగ్గర జెండా పట్టుకున్న కుర్రాడి చెయ్యి చూశాడు. "ఖాళీ. రోడ్డు ఆపాం. రా."

రంపం చెట్టు నెత్తికి వచ్చింది. హెలికాప్టర్ ఇంకా 100 అడుగులు పైన, చెట్లకీ తీగలకీ ఎంతో ఎత్తున నిలబడి ఉంది. కదిలేది మీకు కనబడదు, దిగేదే కనబడుతుంది. బ్లేడ్ల వరస అడవి గోడ అంచుని ఒరుసుకుంటూ కిందికి దిగుతోంది. పైకొమ్మ తెగింది. ఒక్క అర క్షణం అది గాలిలో నిలబడినట్టే ఉంటుంది, తన కింద ఏమీ లేదని తెలియనట్టు. తరవాత ఆకులతో సహా నిలువునా జారిపోతుంది. దాని కిందిది, దాని కిందిది. తొడంత లావు హికరీ కొమ్మ దగ్గర బ్లేడ్ల గొంతు మారింది. సన్నటి కూత బరువెక్కి మూలుగైంది. పైలట్ ఒత్తిడి పెట్టలేదు. ఆగాడు, బ్లేడ్లు తమ వేగం తాము తెచ్చుకునేదాకా. మళ్ళీ వదిలాడు. కొమ్మ ఫెళ్ళుమంది, కింద నేల దద్దరిల్లింది. రంపం అడుగు దాకా దిగి, మళ్ళీ పైకి లేచి, నాలుగడుగులు ముందుకి జరిగి, మళ్ళీ దిగింది. గోడకి సున్నం వేసేవాడి కుంచెలా పైనుంచి కిందికి, పైనుంచి కిందికి.

ఇవతలి వైపు, ఆ బ్లేడ్లకి కొన్ని గజాల దూరంలో, తీగల్లో కరెంటు పారుతూనే ఉంది. మనవైపు వానాకాలం ముందర లైన్‌మన్ కొమ్మ కొట్టాలంటే ముందు ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. సబ్‌స్టేషన్‌లో లైను ఆపించి, ఆపారని రూఢి చేసుకున్నాకే గడ ఎత్తుతాడు. ఆ ఎల్‌సీ మాట తప్పిన రోజు ఇంట్లో ఏడుపు వినబడుతుంది. ఇక్కడ ఇంత పెద్ద లైనుని వారాల తరబడి ఆపితే ఊళ్ళు ఆగిపోతాయి. కాబట్టి అది పారుతుండగానే పని. ఆపడానికి బదులు ఇక్కడున్నది ఒక మనిషి కన్ను, ఎడమచేతి ఒడుపు, కుడిచేతి ఒడుపు.

పది గంటలకి రిబ్బను జరిపారు. ఇప్పుడు మీరు కోసిన గోడ కిందికి వెళ్ళొచ్చు. మోకాలి లోతు ఆకులు, కొమ్మలు. రంపపు పొట్టు సాలెగూళ్ళమీద పడి మెరుస్తోంది. తల ఎత్తి చూస్తే చెట్లన్నీ ఒకే గీత మీద తెగి ఉన్నాయి. ప్రతి తెగినచోటా పచ్చిపసుపు బిళ్ళ, అడవికి వంద కళ్ళు తెరుచుకున్నట్టు. ఒక కొమ్మని దగ్గరగా చూడండి. చెట్లవైద్యం తెలిసినవాళ్ళు కొమ్మని మానుని ఆనుకున్న ఉంగరం లాంటి ఉబ్బు దగ్గర కోస్తారు. అక్కడ కోస్తే బెరడు ఏళ్ళమీద గాయాన్ని మూసేస్తుంది. గాలిలో వేలాడే రంపానికి ఆ ఉంగరం అందదు. అది బాట అంచు ఎక్కడుంటే అక్కడే కోస్తుంది, మొండెం మిగులుస్తుంది. కొన్ని మొండేలు చిగురిస్తాయి, కొన్ని కుళ్ళు పట్టి మానులోకి దించుతాయి. మేస్త్రీ ఇది దాచడు. "వీధిలో అయితే చెట్టెక్కి చేత్తోనే కోస్తాం. ఈ కొండకి బకెట్ లారీ ఎక్కదు. మనుషులు రంపాలు మోసుకుని ఎక్కితే నెలలు పడుతుంది, కాళ్ళు జారతాయి. ఏది తక్కువ నష్టమో అది చేస్తున్నాం," అంటాడు.

బాట మలుపులో ఒక పెద్దావిడ కంచెకి ఇవతల నిలబడి ఉంది. ఆవిడ వెనక వాలు మీద తెల్లటి తేనెపెట్టెలు. బాట అంచున సన్నటి చెట్టు, ఎండిన పూలగెలలు వేళ్ళలా వేలాడుతున్నాయి, ఆకుల చివరలు అప్పుడే ఎరుపెక్కుతున్నాయి. సోర్‌వుడ్. జులైలో పూస్తుంది, ఈ కొండల్లో దాని తేనెకి ప్రత్యేకమైన పేరు.

"దానిని వదిలేయమని చెప్పరూ?" అంది ఆవిడ.

"రంపానికి చెట్ల పేర్లు తెలియవమ్మా," అన్నాడు మేస్త్రీ.

కాసేపు ఇద్దరూ చెట్టునే చూశారు. అతను వెనక్కి నాలుగడుగులు వేసి, చెట్టు కొసనుంచి తీగ దాకా కొలిచే పరికరంతో గురి చూశాడు. రేడియో తీశాడు. "నలభై రెండో టవరు మలుపు వదిలేసి ముందుకి పో. ఇది మేము చూసుకుంటాం." కుర్రాళ్ళు ఇద్దరు గడరంపం తెచ్చారు. తీగవైపు చాచిన రెండు కొమ్మల్నే, ఉంగరం చూసి, మొదట్లో కోశారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా హెలికాప్టర్ అవతలి కొండమీద ఎంత దూరం కోసిందో చూస్తే, ఆ ఇరవై నిమిషాలు ఎంత ఖరీదైనవో తెలుస్తుంది. ఆవిడ ఏమీ అనలేదు. తెగిన కొమ్మలు రెండూ ఆవిడే లాక్కుని వెళ్ళింది.

మధ్యాహ్నం. రంపాన్ని గడ్డిలో పడుకోబెట్టి, హెలికాప్టర్ ఇంధనం లారీ పక్కన దిగింది. పైలట్ కిందికి దిగి ముందు చేసిన పని మెడ పట్టుకుని రెండు వైపులా తిప్పడం. రొట్టె తింటుంటే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. అది భయం కాదు, గంటల తరబడి వచ్చిన అదురు ఇంకా ఒంట్లోంచి దిగలేదు. ఇంజను ఆగిపోతే ఏం చేస్తారని అడగండి. అడగొచ్చు, అతనికి కోపం రాదు.

"ఎత్తు ఉంటే బతుకుతాం. వేగం ఉన్నా బతుకుతాం," అంటాడు. ఇంజను ఆగినా, కిందికి పడేటప్పుడు ఎదురొచ్చే గాలి రెక్కల్ని తిప్పుతుంది. ఆ తిరుగుడులో దాచుకున్న బలంతో చివరి క్షణంలో మెత్తగా దిగొచ్చు. కానీ ఆ బలం కూడాలంటే ఎత్తైనా కావాలి, ముందుకి పోయే వేగమైనా కావాలి. హెలికాప్టర్ పుస్తకంలో ఒక పటం ఉంటుంది. ఏ ఎత్తులో ఏ వేగం లేకపోతే బతకడం కష్టమో చూపించే గీత. పైలట్లు దానికి పెట్టుకున్న పేరు డెడ్ మ్యాన్స్ కర్వ్. ఇతను రోజంతా ఆ గీత లోపలే ఉంటాడు, ఒకచోట నిలబడి, చెట్ల పైన, కింద తీగలతో. రంపం కొమ్మల్లో ఇరుక్కుంటే వదిలించుకునే మీట చేతి కిందే ఉంది, అది నొక్కడానికి ఒక్క క్షణమే ఉంటుంది. అమెరికా విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ దగ్గర ఈ పనిలో కూలిన హెలికాప్టర్ల నివేదికలు ఉన్నాయి. అవన్నీ అతను చదివాడు. "చదవకపోతే పైకి వెళ్ళే హక్కు లేదు," అని రొట్టె ముక్క కాగితంలో చుట్టేశాడు.

రెండు దాటింది. ఎండ కుండలో కాగుతున్నట్టుంది. మేస్త్రీ మిమ్మల్ని పొద్దున నిలబడిన చోటికే తీసుకెళ్ళాడు. "మధ్య తీగ చూడండి. పొద్దున ఆ పైన్ చెట్టు నెత్తిమీదుగా కనబడింది కదా. ఇప్పుడు?"

ఇప్పుడు తీగ పైన్ చెట్టు మెడ దగ్గరుంది. ఎవరూ వదులు చేయలేదు. లోయలో ఏసీలన్నీ ఒక్కసారి తిరుగుతున్నాయి, కరెంటు బరువుకి తీగ వేడెక్కింది, పైన ఎండ. వేడికి లోహం సాగింది, సాగిన తీగ నడుములో వేలాడింది. మనుషులకి కరెంటు ఎంత ఎక్కువ కావాలో, తీగ చెట్టుకి అంత దగ్గరికి దిగుతుంది.

2003 ఆగస్టు 14న కూడా ఇదే వేళ, ఇలాంటి ఎండే. ఒహాయో రాష్ట్రం ఉత్తరాన 345 కిలోవోల్టుల లైను ఒకటి మధ్యాహ్నం 3:05కి చెట్టు తగిలి తెగిపోయింది. అప్పుడు దానిమీద ఉన్న భారం దాని శక్తిలో సగం కూడా లేదు. తీగ తప్పు కాదు, ఖాళీ లేకపోవడమే తప్పు. దాని భారం పక్క లైన్లమీద పడింది. అవి ఇంకా వేడెక్కి, ఇంకా వేలాడాయి. 3:32కి రెండోది, 3:41కి మూడోది. రెండింటికీ చెట్లే తగిలాయి. కంట్రోల్ రూములో హెచ్చరించాల్సిన కంప్యూటర్ అలారం అప్పటికే పనిచేయడం లేదు. 4:10 దాటేసరికి డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, టొరంటో, న్యూయార్క్ చీకట్లో పడ్డాయి. 5 కోట్ల మంది. 61,800 మెగావాట్లు. లిఫ్టుల్లో, సొరంగాల్లో ఆగిన రైళ్ళలో మనుషులు. ఆ సాయంత్రం బ్రూక్లిన్ వంతెన మీదుగా ఇళ్ళకి నడిచిన జనంలో ఎవరికీ తెలియదు, ఇదంతా ఒహాయోలో కొన్ని చెట్ల దగ్గర మొదలైందని. అక్టోబరులో దర్యాప్తువాళ్ళు రెండో లైను కిందికి వెళితే చెట్టు లేదు, మొద్దు మిగిలింది, అడ్డంగా 14 అంగుళాలు. అదే ఏడాది సెప్టెంబరు 28 తెల్లవారుజామున స్విట్జర్లాండ్ కొండల్లో ఇంకో చెట్టు ఇంకో లైనుకి తగిలింది. ఇటలీ దాదాపు మొత్తం చీకటైపోయింది.

2005లో అమెరికా చట్టం తెచ్చింది. అంతకుముందు పెద్దమనుషుల ఒప్పందంలా ఉన్న నియమాలు 2007నుంచి తప్పనిసరి అయ్యాయి. పెద్ద లైన్ల కింద చెట్లని ఎంత దూరంలో ఉంచాలో చెప్పే నియమం అందులో ఒకటి. మీరితే జరిమానా రోజుకి 10 లక్షల డాలర్లు దాటి కూడా పోవచ్చు. పొద్దున మెకానిక్ బొటనవేలు ఏడో బ్లేడు దగ్గర ఆగడం వెనక ఆ 14 అంగుళాల మొద్దు ఉంది.

సాయంత్రం ఆరుకి చివరి కోత. హెలికాప్టర్ రంపాన్ని దించి, తేలికైన ఒళ్ళుతో ఒక్క ఊపున లేచి కొండ దాటిపోయింది. అది వెళ్ళాక నిశ్శబ్దం చెవులకి కొత్తగా ఉంది. కాసేపటికి కీచురాళ్ళు అందుకున్నాయి. తీగ చల్లబడుతోంది. పైన్ చెట్టు మెడనుంచి మళ్ళీ నుదుటిదాకా లేచింది. దానికీ కోసిన గోడకీ మధ్య ఇప్పుడు ఆకాశం ఒక వెడల్పాటి పట్టీలా పడుతోంది, ఇటునుంచి అటు దాకా తెరిపి. రాత్రి ఎక్కడో ఆసుపత్రిలో, ఎవరి వంటింట్లోనో ఒక దీపం ఆరకపోవడానికి కారణం ఆ తెరిపి. దాన్నెవరూ చూడరు. చూడాల్సిన అవసరం రాకుండా ఉండడానికే ఈ మనుషులు పొద్దుటినుంచి మెడలు విరుచుకున్నారు.

మేస్త్రీ దూరం కొలిచి, అంకె చిన్న పుస్తకంలో రాసుకుని, పెన్సిలు చెవిమీద పెట్టుకున్నాడు. ట్రక్కు దగ్గరికి నడుస్తూ తీగ కింద ఒకచోట ఆగాడు. గడ్డిలో మోకాలెత్తు తులిప్ పోప్లార్ మొక్క. నేలమీది మొక్కల పని ఇంకో బృందానిది, వాళ్ళు చలికాలంలో వస్తారు. వంగి ఆకు పట్టుకుని చూడండి. నాలుగు మూలలుంటాయి గాని కొస ఉండదు, కొస ఉండాల్సిన చోట ఎవరో కత్తెరతో అడ్డంగా తీసేసినట్టు ఉంటుంది. ఆ ఆకు పుట్టడమే అలా పుడుతుంది. చేతిలోంచి వదిలారు. మొక్క ఒక్కసారి ఊగి, తిన్నగా పైకి, తీగకేసి నిలబడింది.